విదేశంలో కారు అద్దెకు తీసుకుంటున్నారా? బరంపురంలో ఉండగానే చూసుకోవాల్సినవి

మన దగ్గర బండి మాట్లాడుకోవడం ఒక ఫోన్ కాల్‌తో అయిపోయే పని. గోపాల్‌పూర్ వెళ్ళాలన్నా, పిల్లల్ని దారింగబాడి తీసుకెళ్ళాలన్నా, పెళ్ళికి పర్లాకిమిడి నుంచి రాయగడ పోవాలన్నా తెలిసిన డ్రైవరుకి "అన్నా, రేపు పొద్దున్న ఆరింటికి వచ్చెయ్" అంటే చాలు, డీజిల్ ఎవరిది, నైట్ హాల్టుకి బత్తా ఎంత, అన్నీ నోటిమాట మీదే తేలిపోతాయి. బంపర్‌కి గీత పడితే అతను చూసుకుంటాడు, మనం రెండు గంటలు లేటైతే ఓ టీ ఇప్పించి సర్దుకుంటాం. ఇదే అలవాటుతో అమెరికాలోనో దుబాయ్‌లోనో అద్దె కార్ల కౌంటర్ ముందు నిలబడితే మాత్రం జేబుకి చిల్లు పడుతుంది. అక్కడ మనిషి నవ్వుతూ ఎన్ని మాటలు చెప్పినా చెల్లేది సంతకం పెట్టిన కాగితమే.

గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లోని మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఎవరో ఒకరు బయటి దేశంలో ఉండటం ఇప్పుడు మామూలైపోయింది. కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్తారు, వాళ్ళకి సెలవు దొరకదు, "నేనే కారు తీసుకుని తిరుగుతాను లే" అనుకుంటారు. తిరగొచ్చు, ఏమీ కష్టం కాదు. కాకపోతే సగం తప్పులు విమానం ఎక్కకముందే జరుగుతాయి కాబట్టి ఇంటి దగ్గర్నుంచే మొదలుపెట్టండి.

ముందు లైసెన్సు బయటికి తీయండి

కార్డు మీద నాలుగు చూడాలి. వాహనం తరగతి దగ్గర ఎల్‌ఎంవీ, అంటే కారు లాంటి తేలికపాటి వాహనం, ఉందా? చాలామందికి గేరున్న మోటార్ సైకిల్ ఒక్కటే ఉంటుంది, కారు మాత్రం ఏళ్ళ తరబడి తోలుతుంటారు, ఇక్కడ ఎవరూ అడగలేదు కాబట్టి నడిచిపోయింది, అక్కడ నడవదు. గడువు ప్రయాణం ముగిసేదాకా ఉందా? మొదటిసారి జారీ అయిన తేదీ కనిపిస్తోందా? చాలా కంపెనీలు లైసెన్సు వచ్చి కనీసం ఏడాది అయ్యుండాలంటాయి, మీరు మొన్ననే రెన్యువల్ చేయించి ఉంటే కొత్త తేదీ చూసి కౌంటర్లో అబ్బాయి తల అడ్డంగా ఊపుతాడు, అప్పుడు పాత తేదీ ఎక్కడుందో వేలు పెట్టి చూపించేలా ఉండాలి.

నాలుగోది పేరు, మనవాళ్ళకి అసలు తలనొప్పి ఇదే. లైసెన్సు మీద "కె. రమణరావు" అని ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా పూర్తిగా ఉంటుంది, క్రెడిట్ కార్డు మీద ఇంటిపేరే లేకుండా "రమణ రావు" అని రెండు ముక్కలుంటుంది. ఒడిశా ఆఫీసుల్లో స్పెల్లింగు ఒడియా ఉచ్చారణని బట్టి మారిపోయిన పేర్లు ఇంకో రకం. ఇంటిపేరు ముందొస్తుందని, అది పొట్టిగా రాస్తామని విదేశంలో కౌంటర్ వెనక ఉన్న మనిషికి తెలియదు. మూడు కాగితాల మీదా పేరు ఒకేలా లేకపోతే బండి ఇవ్వనంటే మీరు చేయగలిగింది ఏమీ లేదు. కాబట్టి లైసెన్సులో పేరు సరిచేయించుకోవడమో, కుదరకపోతే కనీసం క్రెడిట్ కార్డు పాస్‌పోర్టు ప్రకారం మార్పించుకోవడమో రెండు మూడు నెలల ముందే చేయండి.

పాతకాలం పుస్తకం లాంటి లైసెన్సు, ఓడీ రాకముందు ఓఆర్‌తో మొదలయ్యే నంబరు, లోపల ఒడియాలో చేతిరాత ఉన్నవాళ్ళు దాన్ని పట్టుకుని విమానం ఎక్కకండి. అది ముందు ఆన్‌లైన్ రికార్డులోకి ఎక్కాలి, తర్వాత కార్డుగా మారాలి, ఆ తర్వాతే మిగతా పనులు. "డిజీలాకర్‌లో ఉంది కదా" అనే మాట కూడా మన సరిహద్దుల లోపలే. అక్కడ చేతిలో కార్డు ఉండాలి.

ఇక అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్, ఐడీపీ. పరివాహన్ వారి సారథి సైటులో ఒడిశా ఎంచుకుని ఫారం 4ఏ నింపి, లైసెన్సు, పాస్‌పోర్టు, వీసా కాపీలు జతచేసి, 1000 రూపాయలు ఫీజు కట్టి మీ ఆర్టీఓ ఆఫీసుకు వెళ్ళాలి. ఓడీ-07 అయితే గంజాం, ఓడీ-20 గజపతి, ఓడీ-18 రాయగడ, ఓడీ-10 కొరాపుట్. ఏడాది పాటు చెల్లుతుంది, ఈలోపు మీ అసలు లైసెన్సు గడువు తీరితే అక్కడితో దీని పనీ అయిపోయినట్టే. ఇది లైసెన్సుకి అనువాదం లాంటి కాగితం, లైసెన్సు కాదు, రెండూ కలిపి చూపించాలి. 1949 జెనీవా ఒప్పందంలో మన దేశం ఉంది కాబట్టి జపాన్‌తో సహా చాలా దేశాల్లో పనికొస్తుంది, చైనాలో మాత్రం పనికిరాదు. మన లైసెన్సు ఇంగ్లీషులోనే ఉంటుంది గనక బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో, అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో పర్మిట్ లేకపోయినా సందర్శకులు నడపొచ్చు, అయినా అద్దె కంపెనీ అడగొచ్చు, వెయ్యి రూపాయల దగ్గర పిసినారితనం వద్దు. ఆన్‌లైన్‌లో "ఇంటర్నేషనల్ లైసెన్స్, పదేళ్ళ వాలిడిటీ, డాలర్లలో కట్టండి" అని కనిపించేవన్నీ ఉత్త అట్టముక్కలు. మనం దీన్ని తీసుకోవాల్సింది ఆర్టీఓ దగ్గర.

గల్ఫ్ వెళ్ళేవాళ్ళకి ఒక ముక్క. యూఏఈలో విజిట్ వీసా మీద ఉన్నంతకాలం ఐడీపీతో అద్దె కారు నడపొచ్చు. రెసిడెన్స్ వీసా వచ్చిందంటే ఆ దేశపు లైసెన్సు తీసుకోవాల్సిందే, పాత పర్మిట్‌తో నడుపుతూ ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ పైసా రాదు. ఉద్యోగంలో చేరినవాడు "ఇంకా ఏడాది ఉంది కదా" అని పర్మిట్ మీద ఉన్న తేదీ చూపించి లాభం లేదు.

డబ్బు ఏ కార్డు మీద?

క్రెడిట్ కార్డు కావాలి, అదీ నడిపే మనిషి పేరు మీద. నాన్న నడుపుతాడు, కార్డు కొడుకుది అంటే చాలాచోట్ల ఒప్పుకోరు. డెబిట్ కార్డు కొన్నిచోట్ల తీసుకుంటారు, సవాలక్ష కండిషన్లతో. ఫారెక్స్ ప్రీపెయిడ్ కార్డు బంకుల్లో, హోటళ్ళలో బాగా పనికొస్తుంది గానీ డిపాజిట్ దగ్గర తరచూ కాదంటారు. రూపే కార్డు ఒక్కటే ఉంటే అది బయట వేరే నెట్‌వర్క్‌ల మీద నడుస్తుంది కాబట్టి ప్రతి కౌంటర్లో పడుతుందన్న నమ్మకం లేదు, వీసా గానీ మాస్టర్‌కార్డ్ గానీ ఒకటి దగ్గర పెట్టుకోండి.

డిపాజిట్ అంటే కట్ చేయరు, బ్లాక్ చేస్తారు. అమెరికాలో రెండు మూడు వందల డాలర్లు, యూరప్‌లో పూర్తి ఇన్సూరెన్స్ తీసుకోకపోతే 1000 యూరోలు దాటి కూడా పోతుంది. మీ లిమిట్ లక్ష రూపాయలైతే అదంతా ఒక్క కారుకే బిగుసుకుపోయి, సాయంత్రం హోటల్లో కార్డు గీకితే పడదు. కారు తిరిగిచ్చాక అది విడుదలవడానికి రెండు వారాల దాకా పట్టొచ్చు, దానికి టెన్షన్ పడకండి.

2020 మార్చి నుంచి ఆర్‌బీఐ నియమం ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డులకి విదేశీ లావాదేవీలు మూసే ఉంటాయి. బ్యాంకు యాప్‌లో మీరే తెరవాలి, లిమిట్ కూడా పెంచాలి, ఇది ఇక్కడే చేయండి, అక్కడ మన సిమ్‌కి ఓటీపీ రాక రాత్రి పూట ఎయిర్‌పోర్టులో నిలబడటం ఎందుకు? అలాగే మెషీన్ మీద "రూపాయల్లో కట్టమంటారా" అని అడిగితే వద్దనండి. చూడ్డానికి మన డబ్బు కాబట్టి బాగుంటుంది, ఆ రేటు మాత్రం వాళ్ళకి లాభం. ఎప్పుడూ ఆ దేశపు కరెన్సీలోనే కట్టండి.

బుకింగ్ చేసేటప్పుడు

ఇందులో మనవాళ్ళు తరచూ పడే గుంట ఒకటుంది, కాస్త నిలబడి చదవండి. బుకింగ్ సైటులో "మీరు ఏ దేశంలో ఉంటారు" అని అడుగుతుంది. అమెరికాలో ఉన్న అబ్బాయి తన అడ్రసుతో వెతికితే రేటు తక్కువ కనిపిస్తుంది, "నాన్నా, చూడు ఎంత చౌకో" అని అదే బుక్ చేసేస్తాడు. ఆ చౌక ఎక్కడిదంటే, అమెరికా వాళ్ళకి సాధారణంగా సొంత కారు ఇన్సూరెన్స్ ఉంటుంది, దాన్నే అద్దె కారుకి వాడుకుంటారన్న లెక్కతో ఆ రేటులో బండికి గానీ ఎదుటివాడికి గానీ సరిపడా కవర్ ఉండదు. ఇండియా నుంచి వచ్చినవాళ్ళని ఎంచుకుంటే రేటు పెరుగుతుంది, చాలాసార్లు కవర్ అందులోనే కలిసి ఉంటుంది. అబ్బాయి పాలసీ అబ్బాయి నడిపితే పనికొస్తుందేమో, మీరు నడిపితే రాదనే అనుకోండి. ఇండియా అని పెట్టి బుక్ చేయండి, వోచర్‌లో ఏమేం కలిశాయో చదివి ప్రింటు తీసుకోండి.

యూరప్‌లో ఏమీ చెప్పకపోతే గేర్ల బండి ఇస్తారు, అమెరికాలో ఆటోమేటిక్. కుడివైపు నడిచే దేశంలో గేరు కుడిచేత్తో వేయాలి, మొదటి రోజే ఆ ప్రయోగం ఎందుకు, ఆటోమేటిక్ అడగండి. ఈవీ, అంటే కరెంటు బండి, చౌకగా వస్తే, ఛార్జింగ్ ఎక్కడ, తిరిగి ఇచ్చేటప్పుడు ఎంత శాతం ఉండాలి అన్నది చూసుకున్నాకే. కారులో ఐదుగురు పడతారంటే ఐదుగురి పెట్టెలు కూడా పడతాయని కాదు. మనం మనిషికి 23 కిలోల పెట్టెలు రెండేసి, ఆవకాయ డబ్బా, పైన ఓ చేతిసంచీ తెచ్చే జనం, కాబట్టి ఒక సైజు పెద్దదే తీసుకోండి.

వయసు కూడా చూడాలి. 25 లోపు వాళ్ళకి రోజుకింత అదనం వేస్తారు, 21 లోపు అయితే చాలాచోట్ల ఇవ్వనే ఇవ్వరు. పైవైపు కూడా హద్దుంది, ఐర్లండ్ లాంటి చోట్ల 70, 75 దాటినవాళ్ళకి ఇబ్బంది పెడతారు. రిటైరైన నాన్నగారి పేరు మీద బుక్ చేసే ముందు ఆ లైను వెతకండి. బుకింగ్‌లో ఫ్లైట్ నంబరు రాయండి, విమానం ఆలస్యమైతే బండి వేరేవాళ్ళకి ఇచ్చేయకుండా ఉంటుంది. అద్దె రోజు అంటే 24 గంటలు. సోమవారం పదింటికి తీసుకుని గురువారం పన్నెండింటికి ఇస్తే నాలుగో రోజు అద్దె పడుతుంది, టీ ఇప్పిస్తే సర్దుకునే డ్రైవరన్న అక్కడ ఉండడు.

కౌంటర్ దగ్గర ఇన్సూరెన్స్ మాట

పదహారు గంటల ప్రయాణం చేసి, వెనక పిల్లలు ఏడుస్తుంటే, ముందు క్యూ ఉంటే, చేతికి స్క్రీన్ ఇచ్చి "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ సైన్ చేయండి" అంటారు. ఆ మూడు సంతకాల్లో రెండు మీరు అడగనివి కావచ్చు. ఒక్కొక్కదాని మీద వేలు పెట్టి ఇదేమిటి, రోజుకెంత, తప్పనిసరా అని అడగండి. వెనక క్యూ ఉంటే ఉండనివ్వండి, మన రేషన్ షాపు క్యూల కంటే పెద్దదేం కాదు.

అర్థం చేసుకోవాల్సింది ఇది. సీడీడబ్ల్యూ అనేది బండికి దెబ్బ తగిలితే మీ బాధ్యతని ఒక మొత్తానికి పరిమితం చేస్తుంది. ఆ మొత్తాన్ని ఎక్సెస్ అంటారు, అమెరికాలో డిడక్టబుల్. ఎక్సెస్ 1200 యూరోలు అని ఉంటే, 300 యూరోల గీత పూర్తిగా మీ ఖాతాలోదే, 5000 యూరోల దెబ్బకి మీరు కట్టేది 1200. పైగా ఈ కవర్‌లో టైర్లు, ముందు అద్దం, బండి కప్పు, కింది భాగం, పోగొట్టుకున్న తాళం, తప్పు ఆయిల్ కొట్టించడం తరచుగా ఉండవు. చూడబోతే మామూలుగా దెబ్బతినేవే అవన్నీ! ఈ ఎక్సెస్‌ని సున్నా చేయడానికి కౌంటర్లో రోజుకి ఇంత అని అమ్ముతారు, అది ఒక్కోసారి కారు అద్దెకి దగ్గర దగ్గరగా ఉంటుంది. బయట ఇన్సూరెన్స్ కంపెనీల దగ్గర ఎక్సెస్ పాలసీ ముందే కొనుక్కుంటే చాలా తక్కువలో అవుతుంది, కానీ అప్పుడు కౌంటర్లో డిపాజిట్ పూర్తిగా బ్లాక్ అవుతుంది, దెబ్బ తగిలితే ముందు మీరు కట్టి తర్వాత రాబట్టుకోవాలి, పైగా ఇండియాలో ఉండేవాళ్ళకి ఆ పాలసీ అమ్ముతారో లేదో చూసుకోవాలి. కార్డు లిమిట్ తక్కువ, కొత్త దేశం, మొదటిసారి అయితే కౌంటర్ కవరే కొనేయండి, నిద్ర పడుతుంది. అలవాటైన వాళ్ళకి బయటి పాలసీ లాభం.

అమెరికాలో అసలు భయపడాల్సింది మన బండి గీత గురించి కాదు, ఎదుటి మనిషికి దెబ్బ తగిలితే వచ్చే ఆసుపత్రి బిల్లు గురించి. లయబిలిటీ కవర్ మీ వోచర్‌లో ఎంత ఉందో చూడండి, నామమాత్రంగా ఉంటే అది మాత్రం తప్పకుండా పెంచుకోండి. మిగతా వాటి దగ్గర బేరీజు వేసుకోవచ్చు, దీని దగ్గర వద్దు.

కాగితంలో పేరున్నవాళ్ళే నడపాలి. "కాసేపు బావ తోలుతాడు" కుదరదు, బావని రెండో డ్రైవరుగా రాయించండి, రోజుకి కొంత పడుతుంది. పేరు లేని మనిషి చేతిలో ఏదైనా జరిగితే మీరు కొన్న కవర్లన్నీ చెల్లవు. సరిహద్దు దాటేది ఉంటే అదీ ఇప్పుడే చెప్పాలి, దుబాయ్ నుంచి ఒమన్ వెళ్ళాలంటే కంపెనీ నుంచి ఎన్‌ఓసీ, ఒమన్‌కి వేరే ఇన్సూరెన్స్ కావాలి.

తాళం చేతికొచ్చాక

పార్కింగ్‌లో చీకటిగా ఉంటే బండిని వెలుతురులోకి తీసుకురమ్మనండి. ఫోన్ వీడియో ఆన్ చేసి నంబరు ప్లేటుతో మొదలుపెట్టి చుట్టూ మెల్లగా తిరగండి. మన కళ్ళు తలుపుల మీదే ఉంటాయి, వాళ్ళు డబ్బు వసూలు చేసేది మాత్రం ఎక్కువగా నాలుగు చోట్ల: చక్రాల అల్లాయ్ అంచులు ఫుట్‌పాత్‌కి గీరుకున్న గీతలు, ముందు బంపర్ కింది పెదవి, అద్దం మీద ఆవగింజంత రాయి దెబ్బ, వెనక డిక్కీ అంచున పెట్టెలు ఈడ్చిన గుర్తులు. కింద కూర్చుని నాలుగు చక్రాలూ దగ్గరగా తీయండి. అద్దాన్ని పక్క నుంచి చూస్తే వెలుగులో చిన్న నక్షత్రంలా కనిపిస్తుంది చిప్. తర్వాత లోపల డ్యాష్‌బోర్డు ఫొటో, కిలోమీటర్లు, పెట్రోలు ముల్లు ఒకే ఫ్రేములో. స్టెప్నీ ఉందా, లేక పంక్చర్ కిట్ మాత్రమేనా? కనిపించిన ప్రతి గీతా వాళ్ళ కాగితంలో రాయించి సంతకం చేయించుకున్నాకే గేటు దాటండి. "అది చిన్నదే, ఫరవాలేదు" అని అక్కడి మనిషి అంటే సరే అని నవ్వండి, కానీ రాయించండి. రేపు మీరు బండి తిరిగిచ్చేటప్పుడు ఆ మనిషి డ్యూటీలో ఉండడు.

పిల్లలుంటే సీటు ముందే బుక్ చేసి, బిగించి చూపించమనండి. ఒళ్ళో కూర్చోబెట్టుకుని వెళ్ళడం అక్కడ నేరం.

రోడ్డెక్కాక

బ్రిటన్, ఆస్ట్రేలియా, సింగపూర్, మలేషియా, థాయ్‌లాండ్, జపాన్ మనలాగే ఎడమవైపు. అమెరికా, కెనడా, యూరప్‌లో చాలా భాగం, గల్ఫ్ కుడివైపు. ఏ దేశమైనా ఒక గుర్తు పెట్టుకోండి, డ్రైవరు కూర్చున్న వైపు రోడ్డు మధ్య గీత ఉండాలి. ట్రాఫిక్‌లో తప్పు చేయం, ముందు బండి వెనకే పోతాం, పొద్దున్నే ఖాళీ రోడ్డు మీదికి బంకులోంచి బయటికి వచ్చేటప్పుడు చేయి మన వైపు తిప్పేస్తుంది. పక్కన కూర్చున్నవాళ్ళకి ఆ డ్యూటీ అప్పగించండి. మొదటి రోజు ఎడమకో కుడికో సిగ్నల్ ఇద్దామని వైపర్ తిప్పడం అందరికీ జరిగేదే, ఎండలో వైపర్లు ఆడుతున్న కారు కనిపిస్తే మనవాళ్ళే అనుకోవచ్చు.

అమెరికా, బ్రిటన్‌లలో బోర్డులు మైళ్ళలో. 65 అని ఉంటే దాదాపు 105 కిలోమీటర్లు. స్టాప్ బోర్డు దగ్గర చక్రం పూర్తిగా ఆగాలి, మెల్లగా జరుపుతూ పోవడం కుదరదు. అమెరికాలో స్కూలు బస్సు ఎర్రలైట్లు వేసి ఆగితే, మధ్యలో డివైడర్ లేని రోడ్డు మీద ఎదురు వైపు వాళ్ళు కూడా ఆగాలి. పోలీసు ఆపితే దిగి ఎదురెళ్ళకండి, మన దగ్గర మర్యాద, అక్కడ ప్రమాదం. చేతులు స్టీరింగ్ మీద పెట్టి కూర్చోండి. లైటు కొట్టడం మన ఘాట్ రోడ్డులో "నేనొస్తున్నా ఆగు" అని, బ్రిటన్‌లో చాలాసార్లు "నువ్వెళ్ళు" అని.

బంకు దగ్గర పైపు రంగు చూసి తీయకండి. యూరప్, బ్రిటన్‌లలో ఆకుపచ్చ సాధారణంగా పెట్రోలు, నలుపు డీజిల్. అమెరికాలో ఆకుపచ్చ చాలాచోట్ల డీజిల్. మూత లోపల రాసింది చదవండి, 2018 నుంచి యూరప్ కొత్త బండ్ల మీద పెట్రోలుకి గుండ్రటి గుర్తు, డీజిల్‌కి చతురస్రం ఉంటోంది. అమెరికాలో పంపు దగ్గర కార్డు పెడితే జిప్ కోడ్ అడుగుతుంది, మన పిన్‌కోడ్ ఆరు అంకెలు, అది ఐదే తీసుకుంటుంది. లోపలికి వెళ్ళి పంపు నంబరు చెప్పి ఇంత కొట్టమని ముందే కట్టేయండి, పని అయిపోతుంది.

టోల్‌కి మన ఫాస్టాగ్‌లా స్టిక్కర్ ఉంటుంది గానీ అది కంపెనీది. అమెరికాలో గేటే లేని టోల్ రోడ్లలో కెమెరా ప్లేటు ఫొటో తీస్తుంది, టోల్ రెండు డాలర్లు, దాని మీద కంపెనీ సర్వీసు ఛార్జి అంతకు కొన్ని రెట్లు. తీసుకునేటప్పుడే టోల్ లెక్క ఎలా అని అడగండి. దుబాయ్‌లో సాలిక్ అనే టోల్ కూడా గేటు కింద నుంచి పోతే చాలు, పడిపోతుంది. లండన్ నడిబొడ్డులోకి పోతే రుసుము మీరే ఆన్‌లైన్‌లో కట్టాలి. స్విట్జర్లండ్ హైవేలకి 40 ఫ్రాంకుల ఏడాది స్టిక్కరు ఉంది, జర్మనీలో తీసుకున్న బండి మీద అది ఉండదు. ఇటలీ పాత ఊళ్ళలో జెడ్‌టీఎల్ (బయటి బండ్లకి ప్రవేశం పరిమితమైన ప్రాంతం) అని రాసి తెల్ల బోర్డు మీద ఎర్ర గుండ్రం కనిపిస్తే మ్యాపు ఏం చెప్పినా లోపలికి పోకండి, కెమెరా ఉంటుంది.

చిన్న దెబ్బ తగిలినా "పోన్లే, మాట్లాడుకుందాం" వద్దు. ఫొటోలు, ఎదుటి బండి నంబరు, కంపెనీకి ఫోన్, తర్వాత పోలీసు రిపోర్టు. యూఏఈలో ఆ రిపోర్టు లేకుండా గ్యారేజీవాడు బంపర్ ముట్టుకోడు. యూరప్‌లో అత్యవసరం 112, అమెరికాలో 911, యూఏఈ, బ్రిటన్‌లలో 999.

తిరిగి ఇచ్చేటప్పుడు

ట్యాంకు నింపి ఇవ్వాలన్న షరతే మంచిది. ఖాళీగా ఇవ్వొచ్చు, ముందే కట్టేయండి అంటే మిగిలిన పెట్రోలు వాళ్ళకి దానం. ఎయిర్‌పోర్టు దగ్గరి బంకులో నింపి రసీదు తీసుకోండి. బ్లూటూత్‌లో మీ ఫోన్ కాంటాక్టులన్నీ బండిలోకి ఎక్కి ఉంటాయి, తీసేయండి. మళ్ళీ అదే వీడియో, అదే చక్రాలు, అదే ముల్లు. మనిషి ఉండే వేళలో ఇవ్వండి, చూసి "బాగుంది" అని రాసి సంతకం చేసిన కాగితం లేకుండా షటిల్ బస్సు ఎక్కకండి. రాత్రి ఆఫీసు మూసేశాక తాళం డబ్బాలో వేసి పోతే, మర్నాడు వాళ్ళు తెరిచేదాకా బండి మీ బాధ్యతే అని చాలా ఒప్పందాల్లో ఉంటుంది. రాత్రంతా పార్కింగ్‌లో ఎవరు గుద్దిపోయినా బిల్లు మీకే.

ఇంటికొచ్చాక కూడా నెలల తరబడి కార్డు స్టేట్‌మెంటు చూస్తూ ఉండండి. స్పీడ్ కెమెరా ఫైను ముందు కంపెనీకి వెళ్తుంది, వాళ్ళు మీ వివరాలు ఇచ్చినందుకు సర్వీసు ఛార్జి కోస్తారు, అసలు ఫైను నోటీసు ఆ తర్వాత వస్తుంది, రెండూ వేరు వేరు, ఒకటి కట్టాం కదా అని రెండోది వదిలేయకండి. అర్థం కాని డ్యామేజీ ఛార్జి కనిపిస్తే కంపెనీకి ఫోన్లు చేస్తూ కూర్చోకుండా ఈమెయిల్‌లో ఫొటోలు, రిపేరు బిల్లు అడగండి, సరైన జవాబు రాకపోతే మీ వీడియోలు, సంతకం చేసిన కాగితం జతచేసి కార్డు ఇచ్చిన బ్యాంకులో డిస్ప్యూట్ వేయండి. దానికి గడువు ఉంటుంది, కాబట్టి స్టేట్‌మెంటు వచ్చిన వారంలోనే. బరంపురం బ్రాంచిలో కౌంటర్ దగ్గర చెబితే వాళ్ళు మళ్ళీ కస్టమర్ కేర్ నంబరే ఇస్తారు, నేరుగా యాప్‌లో వేసేయండి.